బందూకులో తుక్కు నూలు

మా మామ దాన్ని రైఫిల్ అనేవాడు. అది రైఫిల్ కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, ఇనుప గజంతో దట్టించి, వెనక చిన్న టోపీ పెట్టి పేల్చే ఒంటిగొట్టం బందూకు. మరాఠీవాళ్ళు ఠాసణీచీ బందూక్ అంటారు, దట్టించే తుపాకి అని. సోలాపూర్ భవాని పేట్‌లో ఎవరైనా "ఏంది సేటూ, బందూకు కొన్నవంట?" అంటే చాలు, మామ కళ్ళజోడు పైకి తోసుకుని "బందూకు గాదు, రైఫిల్" అని దిద్దేవాడు. లైసెన్సు కాగితం మీద పంట కాపలాకు అని స్పష్టంగా రాసి ఉండేది. మామ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తాను షికారీనని చెప్పుకు తిరిగేవాడు. అప్పటిదాకా ఆయన వేటాడినవి మంచంలో నల్లులు మాత్రమే.

నేను జోడ్‌భావి పేట్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. కింద కార్ఖానా, పైన కాపురం. కింద చద్దర్ల మగ్గాలు ధడధడమంటుంటే పైన మా గిన్నెలు గూట్లో వాటంతటవే జరుగుతుండేవి. మామ కార్ఖానా పెత్తనం చూసుకునేవాడు, నా పెనిమిటి మగ్గాల దగ్గర నిలబడేవాడు, అత్తా నేనూ చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. ఇంట్లో మగ్గాలున్నా అత్త బీడీలు మానలేదు. "మగ్గం కరెంటు పోతె ఆగుతది, నా చెయ్యి ఆగదు" అనేది.

ఆ చేతికి ఒక్కటే కోరిక ఉండేది. తన చేనులో పండిన జొన్నను తన చేత్తో దంచి, విసిరి, ఒక రొట్టె చేసుకుని తినడం. నవ్వకండి. అత్త వాళ్ళు తెలంగాణ నుంచి వచ్చిన కరువు సంవత్సరంలో ఆమె చిన్నపిల్ల. ఉన్న కాస్త భూమి పోయింది. ఇంట్లో మిగిలిన చివరి జొన్నలతో వాళ్ళమ్మ రొట్టెలు చేసి గుడ్డలో మూటగడితే, వాటిని రైల్లో తింటూ సోలాపూర్‌లో దిగారట. ఆ తర్వాత ఆమె తిన్నదంతా బజారు జొన్నే. "బజారు జొన్నకు తల్లి ఉండదు పిల్లా. ఎవని చేనుదో, ఎవని చెమటదో. మన చేన్లది ఒక్క రొట్టె తిని సస్తె చాలు నాకు," అనేది. మామకేమో జొన్నరొట్టె అంటేనే చిన్నతనం. సేటు అయిన నాటి నుంచి గోధుమ చపాతీ, దాని మీద నెయ్యి. జొన్న కూలోళ్ళ తిండి అని అందరి ముందూ అనేవాడు, పక్కన పెళ్ళాం అదే తింటూ కూర్చున్నా సరే.

చివరికి ఆమె పోరు పడలేక, ఊరి బయట, సిటీ బస్సు దిగి కాసేపు నడిచేంత దూరంలో ఒక మెట్ట చెలక కొన్నాడు మామ. ఆమె కోసం కొన్నానని చెప్పాడు గానీ, కొన్న మర్నాడే బజారుకు పోయి మోకాళ్ళదాకా వచ్చే బూట్లు తెచ్చుకున్నాడు. సేద్యమంతా అత్తే కూలీలను పెట్టి చేయించింది. జొన్న మనిషెత్తు లేచింది. కంకి పాలుపోసుకుంది. సరిగ్గా అప్పుడు పందులు పడ్డాయి. అడవిపందులు. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. అత్త చేనంతా తిరిగి చూసి ఇంటికొచ్చింది. ఆ రోజు చేట ముట్టలేదు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో ఆమె చేతులు ఊరకే ఉండగా చూసింది అప్పుడే.

పక్క చేను మరాఠా రైతు ఏం చేశాడంటే, పాత చీరలన్నీ తెచ్చి చేను చుట్టూ కర్రలకు కట్టాడు. గాలికి చీరలు ఊగుతుంటే పందులు దగ్గరికి రాలేదు. అత్త అదే చేద్దామంది. మా ఇంట్లో బట్టకు కరువా? కార్ఖానాలో మరకపడ్డ చద్దర్లు, అంచు చెడిన తువ్వాళ్ళు కుప్పలు. కానీ మామకు రోషం వచ్చింది.

"నేను బట్ట నేసెటోణ్ణి. బట్టతోని పందుల్ని ఎల్లగొడితె పేట్‌ల నన్ను చూసి నవ్వరా? మరద్ కా బచ్చా బందూకు పట్టుకుంటడు," అన్నాడు.

అట్లా వచ్చింది బందూకు.

వచ్చిన రోజు దానికి జరిగిన మర్యాద నా పెళ్ళిలో నాకు జరగలేదు. కడిగారు, పసుపు కుంకుమ పెట్టారు, గొట్టానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశారు. కొబ్బరికాయ కొట్టింది జాబర్. జాబర్ అంటే మగ్గాలు బాగుచేసే మనిషి. ఎక్కడ చప్పుడు తేడా వచ్చినా పాన నట్టుకు పెట్టి సరిచేస్తాడు. మామకు చిన్ననాటి దోస్తు. ఆయనకు బందూకు గురించి మామకంత తెలుసు, అంటే ఏమీ తెలియదు. కానీ ఇనుము కదా, తనకు తెలియకుండా ఎట్లా పోతుందని ధీమా.

పూజలో మామ ఒక మొక్కు కూడా మొక్కాడు. కొత్త మగ్గం మీద నేసిన మొదటి బట్టను అమ్మం, మా నేతవాళ్ళ కులదేవుడు మార్కండేయుని గుడికి ఇస్తాం. మావాళ్ళలో అది పద్ధతి. బందూకు కూడా కొత్తదే కాబట్టి మొదటి వేట దేవునికేనని ప్రకటించాడు.

అత్త హారతి పళ్ళెం అట్లాగే పట్టుకుని నిలబడింది. "మార్కండేయునికి పందిని పెడ్తవా? గుళ్ళెకు రానిస్తరా నిన్ను?"

మామ కొంచెం ఆలోచించి, "అయితె మొదటిది కుందేలు అనుకో," అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ సాయంత్రానికే పేట్‌లో సగంమందికి పందికూర దావత్ చెప్పి వచ్చాడు.

రెండో ఏడు జొన్న మళ్ళీ మొలిచింది. కార్ఖానాకు వారం సెలవు వచ్చినప్పుడల్లా మామా జాబరూ బందూకును చద్దరులో చుట్టి, మోపెడ్ మీద అడ్డంగా పెట్టుకుని చెలకకు పోయేవాళ్ళు. దారిపొడవునా జనం ఎవరి శవమో అన్నట్టు చూసేవాళ్ళు. అత్తా నేనూ కలుపు పేరుతో బస్సులో వెనకే పోయేవాళ్ళం. నిజం చెప్పాలంటే నేను పోయింది తమాషా చూడ్డానికి. సర్కస్ ఊళ్ళోకి ఏడాదికోసారి వస్తుంది, మాకు వారంవారం.

మొదట బందూకును "నడకకు తేవాలి" అన్నారు. కొత్త మగ్గం బిగించగానే మంచి నూలు ఎక్కించరు. నూనె తాగించి, కొన్నాళ్ళు ఖాళీగా నడిపిస్తారు. ఇనుముకు ఇనుము అలవాటు పడాలి. అదే న్యాయం బందూకుకూ పెట్టారు. గొట్టంలో నూనె పోశారు. గుండ్లు లేకుండా ఉత్త మందు దట్టించి పేల్చారు. పొద్దుగూకే వేళ ధన్ అనేది, పొగ లేచేది, మామ వెనక్కి రెండడుగులు వేసేవాడు, జాబర్ గొట్టానికి చెవి ఆనించి మగ్గం విన్నట్టు వినేవాడు.

"ఇంకా బిర్రుగున్నది సేటూ. నడవాలె."

"గుండ్లు ఎప్పుడేస్తరు?" అని అత్త అడిగింది.

"నీకు తెల్వది, నువ్వు సప్పుడు జెయ్యకు. ముందుగాల ఖాలీ నడవాలె. గదే కాయిదా," అన్నాడు మామ.

వారాలు గడిచాయి. బందూకు సంగతేమో గానీ పందులు మాత్రం బాగా నడకకు వచ్చాయి. మొదటి చప్పుడుకు అవతలి వాగుదాకా పరుగెత్తినవి, తర్వాత తర్వాత గట్టు దాటి ఆగాయి. ఆ తర్వాత తలెత్తి చూసి మళ్ళీ తవ్వుకోసాగాయి. చివరికి తలెత్తడం కూడా మానేశాయి. చప్పుడు వస్తుంది, ఏమీ కాదు, ఒక ముసలాయన వెనక్కి రెండడుగులు వేస్తాడు, అంతే. ఇంత ఓపికగా పందులకు చదువు చెప్పిన మనిషి మహారాష్ట్ర మొత్తంలో ఇంకొకడు ఉండడు.

తర్వాత గుండ్ల వంతు. వేపచెట్టుకూ కర్రకూ మధ్య డిజైను చెడిన ఒక నెమలి చద్దరు కట్టి, దాని మీద పేల్చి, బొక్కలు చూసుకోవడం. ఎంత మందుకు ఎన్ని గుండ్లు, ఎంత దూరానికి ఎట్లా పడతాయో తేల్చాలన్నమాట. మామ చద్దరు దగ్గరికి పోయి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, కార్ఖానాలో మాల్ పరీక్ష చేసినట్టు వేళ్ళతో తడిమేవాడు.

"ఎడమ దిక్కు పల్చగ పడ్డది. నడిమిట్ల గుత్తులు గుత్తులున్నది. నెమలికి తల్కాయ ఉన్నది, తోక లేదు. మాల్ బరోబర్ లేదు జాబర్."

"మందు జరంత పెంచుదాం."

పెంచారు. ఈసారి మామ వెనక్కి వేసింది రెండడుగులు కాదు. పోయి వెనకున్న కలుపు కుప్పలో కూర్చున్నాడు. ఇంటికొచ్చాక అత్త ఆయన భుజానికి ఉప్పూ పసుపూ కాచి పట్టు వేస్తూ, "బందూకు మంచిగనే కొడ్తున్నదయ్యా. జరంత తిప్పి పట్టుకోవాలె, అంతె," అంది. నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుని డాబా మీదికి పోయాను.

ఇక అసలు సంగతి ఉండ. మందు మీద ఒక ఉండ, గుండ్ల మీద ఇంకో ఉండ దట్టించాలి, లేకపోతే ఏదీ నిలవదు. బందూకు అమ్మినాయన కొబ్బరిపీచు పెట్టమని చెప్పి పంపాడు. పీచు పెడితే గుండ్లు చెదిరాయట. కాగితం పెడితే ఊడిందట. గోనెపోగు పెడితే గొట్టంలో ఇరికిందట. ఒకరోజు మామ మగ్గం కింద కూర్చుని, గొప్ప రహస్యం దొరికినవాడిలా లేచాడు. మగ్గాల కింద రాలిన తుక్కు నూలు, నూనె పీల్చి మెత్తగా, నల్లగా. దాన్ని ఉండ చుట్టి, గంజిలో ముంచి, ఎండబెట్టాడు. పడుగుకు గంజి పెడితే దారం తెగదు కదా, అట్లాగే ఉండ కూడా చెదరదని లెక్క.

"నూలు ఇంట్ల పుట్టి పీచు కొనుక్కుంటనా? మన మాల్ ముంగట ఏదాగుతది!" అని తొడ చరిచాడు.

న్యాయంగా చెప్పాలి: ఆ ఉండతో గుండ్లు బాగానే పడ్డాయి. నెమలికి తలా తోకా రెండూ పోయాయి. ఇద్దరు ముసలివాళ్ళూ చేతులు పట్టుకుని ఎగిరారు. కానీ నేను చూసింది ఇంకొకటి. పేలినప్పుడల్లా ఆ ఉండ మండుతూ పోయి ముందు పడేది. అది రాళ్ళ బంజరు కాబట్టి అంటుకోవడానికి ఏమీ లేదు. జాబర్ నవ్వుకుంటూ పోయి చెప్పుకాలితో నలిపేవాడు. ఒకసారైతే ఆ నిప్పుతోనే బీడీ ముట్టించుకున్నాడు, అదీ మందు డబ్బా చంకలో పెట్టుకుని.

అత్త అరిచింది. "తమ్మీ! ఆ డబ్బా దూరం పెట్టు! గది నిప్పు గాదా? రేపు చేన్ల పడితె ఏంది గతి?"

"వైనీ, నువ్వు ఊకె పరేశాన్ అయితవు," అన్నాడు జాబర్. వైనీ అంటే మరాఠీలో వదిన.

మామ గొట్టం తుడుచుకుంటూ, "రొట్టెలు చేసుకునెటోళ్ళకు రైఫిల్ ముచ్చటెందుకు?" అన్నాడు. అత్త ముఖం నల్లబడింది. నాకు ఒళ్ళు మండింది, కానీ కోడలిని, నా నోరు అప్పటికి ఇంకా తెరుచుకోలేదు. తర్వాత తెరుచుకున్నది ఇప్పటిదాకా మూతపడలేదు, అది వేరే సంగతి.

ఆ ఏడు పందులు ఎందుకో సగమే పాడుచేశాయి. పక్క రైతు చీరల పుణ్యమని అత్త అనుమానం, తన రైఫిల్ పుణ్యమని మామ నమ్మకం. ఏదైతేనేం, మిగిలిన సగం పండింది. కంకులు కోసి, కళ్ళంలో కుప్ప పోశారు. పక్కనే ఎండిన చొప్పను వాముగా పేర్చారు. తెల్లవారితే నూర్పిడి. ఆ రాత్రికి ఇంటిల్లిపాదీ, జాబరుతో సహా, కళ్ళం పక్కన వేసుకున్న రేకుల షెడ్డులోనే పడుకున్నాం. అత్త మాత్రం ఇంటి నుంచి పెనం తెచ్చుకుంది. విసుర్రాయి కూడా మోపెడ్ మీద తెప్పించింది. నూర్చిన వెంటనే, అక్కడే, మూడు రాళ్ళు పెట్టి రొట్టె చేస్తుందట. ఇంటిదాకా ఆగదట. పెనం తలగడ పక్కన పెట్టుకుని పడుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

వెలుగు వస్తుండగా ధన్ మంది.

నేను లేచి బయటికి వచ్చేసరికి మామ షెడ్డు ముందు పొగలో నిలబడి ఉన్నాడు. కుప్ప అవతల ఒక పంది. పెద్దదే. కంకి నములుతూ మామ వైపు చూసింది. పారిపోలేదు; దాని చదువు అట్లాంటిది. గుండ్లు ఎటు పోయాయో గుండ్లకే తెలియాలి. "తగిలింది! తగిలింది జాబర్!" అని మామ అరుస్తూనే ఉన్నాడు, పంది నింపాదిగా తిరిగి గట్టు దిగిపోయింది.

అత్త చూసింది పందిని కాదు. "వాము! వాము అంటుకున్నదే!"

నూనె పీల్చిన నూలు ఉండ పోయి చొప్ప వాములో కూర్చుంది. పొగ సన్నగా లేచింది, మరుక్షణం మంట. చొప్పంతా ఒక్కసారి భగ్గుమంది, గాలి దాన్ని కంకుల కుప్ప మీదికి తోసింది. బావి దూరం. కడవలో ఉన్న తాగే నీళ్ళు ఎన్ని? నా పెనిమిటి షెడ్డులోని చద్దర్లన్నీ లాగి, తడిపినవి కొన్ని, తడపనివి కొన్ని, తలా ఒకటి విసిరాడు. కొట్టాం. జాబర్ కొట్టాడు, నేను కొట్టాను, కనుబొమలు కాలిన మామ తల లేని నెమలి చద్దరుతో కొట్టాడు. పక్క చేను రైతు కర్రలకు కట్టిన చీరలు ఊడబీక్కుని "అరే దేవా, దేవా" అంటూ పరుగెత్తుకొచ్చి కొట్టాడు. అదే బట్టను ముందే చేను చుట్టూ కట్టి ఉంటే సరిపోయేది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నాడని సామెత. ఆ సామెత చెప్పినవాడెవడో భవాని పేట్‌లో మా ఇంటి ముందు నుంచి వెళ్ళే ఉంటాడు.

ఆరిపోయేసరికి వాము లేదు. కుప్ప మధ్యలో, అడుగున కొన్ని కంకులు మిగిలాయి, పైన మాడి, లోపల ఎర్రగా కమిలి. అత్త షెడ్డులోకి పోయి చేట తెచ్చుకుంది. బూడిదలో కూర్చుని, ఆ కంకులు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసుకుంది. బీడీల చేటే అది.

మామ కొంచెం దూరంలో నిలబడి, "పందైతె మళ్ళ రాదు," అన్నాడు మెల్లగా. అది కూడా అబద్ధమే. మర్నాడు పక్క రైతు చెప్పి పంపాడు: పందులు మందగా వచ్చి, బూడిద గెలికి, వేగిన జొన్నలు ఏరుకు తిని పోయాయట. లోకంలో పందులకు పేలాలు వేయించి పెట్టిన షికారీ మా మామ ఒక్కడే. ఎన్నికలొచ్చి, లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో పెట్టమన్నప్పుడు బందూకు ఇచ్చి వచ్చాడు. ఎన్నికలయ్యాక తేవడానికి పోలేదు. రైఫిల్ ఎక్కడుందని పేట్‌లో అడిగితే, "బందూకు ఠాణాలున్నది," అనేవాడు. రైఫిల్ అనే మాట ఆ మంటలోనే కాలింది.

ఆ కంకుల్లోంచి కొన్ని జొన్నలు వచ్చాయి. ఇంటికి తెచ్చి అత్త చెరిగింది, కడిగింది, ఎండబెట్టింది, విసిరింది. నేను సాయం వస్తానంటే వద్దంది. పొయ్యి ముందు కూర్చుని, పిండి కలిపి, చేత్తో తట్టి, మొదటి రొట్టె పెనం మీద వేసింది. పిండి విరిగింది. అంచులు పగిలాయి. తడి గుడ్డతో నీళ్ళు అద్ది అతికించింది. రొట్టె కాలాక పళ్ళెంలో పెట్టుకుంది, ఉల్లిగడ్డ లేదు, కారం లేదు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

మేమంతా చూస్తున్నాం. కింద మగ్గాలు కూడా ఆగి ఉన్నాయి, కరెంటు లేదు. ఆ క్షణంలో నోరు మూసుకుని ఉండాలని ప్రపంచంలో ఎవరికైనా తెలుస్తుంది, మా మామకు తప్ప.

"ఎట్లున్నదే?" అన్నాడు.

అత్త నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది.

"అచ్చం బందూకు లెక్కనే ఉన్నది," అంది.

తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నా పెళ్ళయ్యాక ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకు ఆ ముసలాయన్ని ఆ గజంతోనే దట్టించాలనిపించింది.

మామ లేచాడు. వచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళు టపటపమన్నాయి. ఆమె పళ్ళెంలో మిగిలిన రొట్టెను తన వైపు లాక్కుని, నెయ్యి లేకుండా, మాట లేకుండా తిన్నాడు. తింటుంటే దగ్గు వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాడు.

ఆ పిండి అయిపోయేదాకా అత్త తాను ఇంకో ముక్క ముట్టలేదు. తనకు మళ్ళీ బజారు జొన్నే. కానీ పూటపూటకూ ఆ మసి రొట్టెలు వేడివేడిగా చేసి, మామ పళ్ళెంలో వేసి, ఎదురుగా కూర్చుని, మెత్తగా అడిగేది: "ఇంకొకటి ఎయ్యాల్నా?"

మామ ఒక్కనాడూ వద్దనలేదు.